నిద్ర ఏరుకునే పిల్ల, ఇనప గాడిద, మా పిన్ని

మా అమ్మ ఇరవై ఏడేళ్ళు దుప్పట్లు మడతపెట్టింది. ఇంట్లోవి కాదు, ఆసుపత్రివి. ఆసుపత్రి భవనం కింద, నేలకు సగం దిగువన ఉండే లాండ్రీలో ఆమె ఉద్యోగం. ఒక గదిలో ఉతికే యంత్రాలు, ఆరబెట్టే డ్రమ్ములు, దుప్పటిని ఒక పక్క మింగి ఇంకో పక్క ఇస్త్రీ చేసి వదిలే వేడి రోలరు. దాని పక్కనే మడత గది. తలుపు వేసేస్తే యంత్రాల రొద సగానికి సగం తగ్గుతుంది. కిటికీలు పైకప్పుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి బయట నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆ కాళ్ళను చూసి అమ్మ మనుషుల్ని చెప్పేసేది. "ఈయన డాక్టరు, పరుగే కానీ కంగారు లేదు. ఆ వచ్చేవాడికి ఇవాళే బిడ్డ పుట్టింది, కాలు నేల మీద ఆనడం లేదు చూడు."

దుప్పటి మడత ఇద్దరి పని. చెరో రెండు కొసలు పట్టుకుని ఒక్కసారి విదిలించాలి. సగానికి మడిచి, లాగి బిగించి, ఎదురెదురుగా నడిచి వచ్చి, ఒకరి కొసలు ఇంకొకరి చేతిలో పెట్టాలి. కొసలు ఇచ్చినామె వంగి కింద వేలాడే అంచును అందుకుంటుంది. మళ్ళీ వెనక్కి నడక, మళ్ళీ ముందుకి. రోజూ మూడు వందల దుప్పట్లు. అంటే రోజుకు ఆరేడు వందల సార్లు ఆ ఎదుటి మనిషి మొహం జానెడు దూరంలోకి వస్తుంది. ఆ మనిషి మంచిదైతే రోజు ఇట్టే గడిచిపోతుంది.

అమ్మకు చాలా ఏళ్ళు ఒకే జోడీ. ఆవిడను లాండ్రీ అంతా కబుర్ల అత్త అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆవిడ నోటికి విరామం అంటే తుమ్ము వచ్చినప్పుడే. ఆ అత్త రిటైరైన మర్నాడు అమ్మ ఇంటికొచ్చి, "చెవులు రెండూ ఖాళీగా ఉన్నాయే" అంది. రెండు రోజుల తర్వాత ఇంకో మాట చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు, గిన్నె తోముతూ గిన్నెకే చెప్పింది.

"కుట్టు గదిలోంచి మీ పిన్నిని తెచ్చి నాకు జోడీగా వేశాడు సూపర్‌వైజరు."

నేను చేతిలో ఉన్న పని ఆపేశాను. ఎందుకంటే అప్పటికి ఆరేళ్ళుగా అమ్మా పిన్నీ మాట్లాడుకోవడం లేదు.

పిన్ని అంటే మా నాన్న తమ్ముడి భార్య. ఇద్దరన్నదమ్ములదీ ఒకటే ఇల్లు. కింద మేము, పైన వాళ్ళు, మధ్యలో పదమూడు మెట్లు. పిన్ని పెళ్ళయి వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. తోడికోడళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళలా ఉండేవారు. లాండ్రీలో పిన్నికి పని ఇప్పించింది అమ్మే. చిరిగిన దిండు గలీబులూ, రోగుల గౌన్లూ బాగుచేసే కుట్టు గదిలో. ఇద్దరూ కలిసి వెళ్ళేవారు, కలిసి వచ్చేవారు. నాన్నా బాబాయీ కంటే వీళ్ళే ఒక కడుపున పుట్టినట్టు ఉన్నారని నాన్నమ్మ నవ్వేది.

నాన్నమ్మ మంచాన పడ్డాక ఇద్దరూ వంతులు వేసుకుని చూసుకున్నారు. నాలుగు నెలలు. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ నాకు స్కూల్ బూట్లు కొనడానికి బజారుకు తీసుకెళ్ళింది. నాన్నమ్మ దగ్గర పిన్ని కూర్చుంది. నాలుగింటికి మేము తిరిగొచ్చేసరికి పిన్ని మంచం అంచుకు తల ఆనించి నిద్రపోతోంది. నాన్నమ్మ చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. కానీ నాన్నమ్మ లేదు.

బంధువులంతా వచ్చారు. "చివరికి ఒక్క గుక్క నీళ్ళైనా తాగిందా?" అని ఎవరో అడిగారు. అమ్మ ఏడుస్తూ, అందరి ముందూ, "ఎవరిస్తారు నీళ్ళు? ఈవిడ గారికి ఆవిడ ప్రాణం కంటే నిద్ర ఎక్కువైపోయింది కదా!" అంది.

ఆ రోజు మెట్లెక్కి పైకి వెళ్ళిన పిన్ని మళ్ళీ మా గడప తొక్కలేదు. కావలసిన మాటలన్నీ నా ద్వారానో, గాలి ద్వారానో నడిచేవి. "ఎవరో మెట్ల మీద బకెట్ వదిలేశారు, ఎవరి నడుమో విరిగాక తీస్తారు కాబోలు" అని అమ్మ గోడతో అనేది. పైనుంచి పిన్ని, "బకెట్ మాది కాదని తెలిసినవాళ్ళకి తెలుసు" అని ఆకాశంతో చెప్పేది. నాన్నా బాబాయీ మొదట్లో సర్దిచెప్పబోయి, రెండు వైపులా చీవాట్లు తిని, తర్వాత ఆ ఊసే మానేశారు.

అలాంటి ఇద్దరిని ఒక దుప్పటికి చెరో వైపు నిలబెట్టాడు ఆ సూపర్‌వైజరు. ఆయనకు ఇదేమీ తెలియదు. ఇంటిపేరు ఒకటే కాబట్టి జోడీ బాగా కుదురుతుందనుకున్నాడట.

మొదటి వారం అమ్మ మొహం మాడ్చుకుని ఇంటికొచ్చేది. మాటల్లేకుండా దుప్పటి మడవడం ఎంత కష్టమో చెప్పేది. ఎప్పుడు విదిలించాలో, ఎప్పుడు లాగాలో ఒకరు "ఊఁ" అనాలి కదా. వీళ్ళు "ఊఁ" కూడా అనరు. అమ్మ కుడికాలు నేలకేసి కొట్టేది. అది విదిలించడానికి గుర్తు. పిన్ని గొంతు సవరించుకునేది. అది లాగడానికి. ఎదురెదురుగా వచ్చినప్పుడు ఇద్దరూ దుప్పటి అంచుకేసి చూసేవారు, అక్కడేదో రాసి ఉన్నట్టు.

"చెవిలో ఏదైనా పెట్టుకుని వింటానే. ఆ నిశ్శబ్దం భరించలేకపోతున్నాను" అంది అమ్మ.

నేనప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. నాకు చదివి వినిపించే పుస్తకాల యాప్ ఒకటి ఉండేది. అమ్మ ఫోన్లో అది వేసి, ఎలాంటి కథ కావాలన్నాను. "కుటుంబ కథ పెట్టు. పెద్దది పెట్టు" అంది. వెతికితే ఒక పుస్తకం అట్ట మీద ఇద్దరు ఆడపిల్లలు చేయీ చేయీ పట్టుకుని ఉన్నారు. కింద 'అక్కాచెల్లెళ్ళ కథ' అని రాసి ఉంది. నిడివి ఇరవై రెండు గంటలు. ఇంతకంటే కుటుంబం ఏముంటుందని అదే పెట్టేశాను. నేను దాన్ని విన్న పాపాన పోలేదు.

అమ్మకు చెవిలో పెట్టుకునేవి నచ్చలేదు, జారిపోతున్నాయంది. ఫోన్ని ఒక స్టీలు గ్లాసులో నిలబెట్టి బల్ల మీద పెట్టుకుని, రోజుకో అధ్యాయం వినేది. గ్లాసులోంచి వస్తే గొంతు గుండ్రంగా, పెద్దగా వినిపిస్తుంది. చదివేది ఒక ఆడమనిషి. బొంగురు గొంతు, నిదానం. ఎవరినీ నిద్ర లేపకూడదన్నట్టు చదువుతుంది.

సాయంత్రం అమ్మ ఇంట్లో అడుగుపెడుతూనే ఒంటికాలి మీద లేచింది.

"ఇదేం కుటుంబమే! ఆకాశం పళ్ళెం అంచులా పగిలిపోయిందట. ఆ పగుల్లోంచి లోకంలో ఉన్న నిద్రంతా కారిపోయిందట. ఎవరికీ నిద్ర లేదు. మనుషులు కాగితాల్లా పలచబడిపోయారు. ఒక పిల్లేమో కుండ పట్టుకుని నిద్ర ఏరుకుంటూ తిరుగుతుంది. వెంట ఒక ఇనప గాడిద. దానికి నలభై మాటలే వచ్చు."

"తీసేసి వేరేది పెట్టనా అమ్మా?"

"ఉండనీలే. ఆ పిల్ల ఇంకా మొదటి ఊరు కూడా చేరలేదు."

ఆ తర్వాత నేనూ ఆ పుస్తకం విన్నాను కాబట్టి కథ నాకూ తెలుసు. మనకంటే ముందున్న పెద్ద పెద్ద నగరాలన్నీ ఇసుక కింద పడి ఉంటాయి. మనుషులు పోయారు కానీ వాళ్ళ యంత్రాలు ఇంకా నిద్రపోతూనే ఉంటాయి. ఇసుకకు చెవి ఆనిస్తే వాటి గురక వినిపిస్తుంది. తెల్లవారుజామున ఆ యంత్రాల పొట్టల కింద నిద్ర దూదిపింజల్లా రాలి ఉంటుంది. దాన్ని ఏరి కుండలో వేసుకోవాలి. ఆ పిల్లకు ఒక చెల్లెలుంది. చెల్లెలు తొమ్మిదేళ్ళుగా కన్ను మూయలేదు. కుండ నిండితే ఇంటికి తీసుకెళ్ళి చెల్లెల్ని నిద్రపుచ్చాలని అక్క నడుస్తుంది. దారిలో ఒక సముద్రం గాజుగా గట్టిపడి ఉంటుంది. దాని లోపల చేపలు ఈదబోతూ ఆగిపోయి ఉంటాయి. ఒక స్టేషన్‌కు రైళ్ళు రావు, రైళ్ళ చప్పుళ్ళు మాత్రం వేళకు వస్తాయి. జనం ఆ చప్పుళ్ళెక్కి ప్రయాణం చేస్తారు.

అమ్మకు మొదట్లో ఏమీ అర్థం కాలేదట. మూడో రోజు నుంచి అర్థం చేసుకోవడం మానేసిందట. "కలలో ఎవరైనా ఇదెందుకు, అదెందుకని అడుగుతారా? అలా వింటున్నాను" అంది.

గ్లాసు అమ్మదైనా గొంతు ఇద్దరికీ వినపడుతుంది కదా. పిన్ని విననట్టే ఉండేది. కానీ అమ్మ కనిపెట్టింది. చెల్లెలి సంగతి వచ్చినప్పుడల్లా పిన్ని దుప్పటిని మామూలు కంటే మెల్లగా లాగేది. గాడిద మాట్లాడితే పెదవి కొస వంకర తిరిగేది. ఒకరోజు అధ్యాయం చివరికొస్తుండగా బల్ల మీద దుప్పట్లు అయిపోయాయి. ఇక ఇద్దరూ టీకి వెళ్ళాలి. పిన్ని మాత్రం అప్పుడే మడిచిన దుప్పటి ఒకటి తీసి, దానికి అంచు సరిగ్గా కుదరలేదన్నట్టు విప్పేసి, కొసలు అమ్మ చేతికిచ్చింది. అన్నేళ్ళలో అంత చక్కటి మడతను విప్పడం అమ్మ ఎప్పుడూ చూడలేదు. మారుమాట లేకుండా పట్టుకుంది. అధ్యాయం అయ్యేదాకా ఆ ఒక్క దుప్పటినే మూడుసార్లు మడిచారు.

సరిగ్గా రైళ్ళ చప్పుళ్ళ స్టేషన్‌లో గాడిద తప్పిపోయిన చోట అమ్మకు దవడ వాచింది. గాడిద పొరపాటున వేరే చప్పుడెక్కి వెళ్ళిపోయింది, పిల్ల కుండతో ఒంటరిగా నిలబడింది. అక్కడ అమ్మ మూడు రోజులు సెలవు పెట్టింది. ఇంట్లో దిండుకు దవడ ఆనించి, మూలుగుతూ, కథ వింది. మూడో రోజు శనివారం మధ్యాహ్నం మా డాక్టరుగారు పన్ను పీకారు. "దూది కొరికి పట్టుకోండి. గంటసేపు మాట్లాడకూడదు" అని నాకే అప్పగించారు.

ఇంటికొచ్చేసరికి పిన్ని మెట్ల మీద ఉంది, చేతిలో తడి బట్టలు. మమ్మల్ని చూసి ఎప్పటిలా గోడవైపు తిరగలేదు. ఒక మెట్టు దిగింది. ఇంకొకటి దిగింది.

"ఆ గాడిద దొరికిందా?" అంది.

నన్ను కాదు. అమ్మను.

ఆరేళ్ళ తర్వాత మొదటి మాట. అమ్మ కళ్ళు ఇంతింత చేసుకుని చూసింది. నోట్లో దూది. "మ్మ్... మ్మ్" అంది.

పిన్ని మొహం ఎర్రబడింది. "చెప్పడం ఇష్టం లేకపోతే అక్కర్లేదులే" అని గిరుక్కున తిరిగి పైకి వెళ్ళిపోయింది.

"పిన్నీ, పన్ను పీకించుకుంది, మాట్లాడకూడదు!" అని అరిచాను కానీ అప్పటికే తలుపు పడింది. అమ్మ నా భుజం పట్టుకుని ఊపేసింది, తప్పంతా నాదే అయినట్టు. తర్వాత గబగబా లోపలికెళ్ళి ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో స్టీలు గ్లాసు పట్టుకుని వచ్చింది. మెట్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడింది. ఎక్కింది.

నేను వెనకాలే వెళ్ళాను. పిన్ని తలుపు తీసింది. అమ్మ ఏమీ చెప్పకుండా, చెప్పలేక, నేరుగా వంటగదిలోకి నడిచి, గట్టు మీద గ్లాసు పెట్టి, అందులో ఫోను నిలబెట్టి, వేలితో వెనక్కి జరిపి జరిపి, గాడిద తప్పిపోయిన చోటు వెతికి నొక్కింది. బొంగురు గొంతు మొదలైంది. పిన్ని తడి బట్టలు బకెట్లో అలాగే వదిలేసి స్టూలు లాక్కుని కూర్చుంది. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తాను విన్న అధ్యాయమే మళ్ళీ వింది. గాడిద దొరికే చోటు దగ్గరపడుతున్నప్పుడు కథ వినడం మానేసి పిన్ని మొహమే చూస్తోంది.

గాడిద దొరికింది. పిన్ని ఊపిరి వదిలి, "పోయిందేమోననుకున్నాను" అంది.

అమ్మ బుగ్గ పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

ఆ రోజు నుంచి ఇద్దరూ మాట్లాడుకోసాగారు. కాకపోతే కథ గురించి మాత్రమే. ఇంటి సంగతి ఒక్కటి లేదు, బంధువుల సంగతి లేదు. బకెట్ విషయం ఇంకా నా ద్వారానే నడిచేది. కానీ మడత గదిలో ఒకటే వాదనలు.

"ఆ పిల్ల పొద్దస్తమానం నడుస్తూనే ఉంటుంది. తిండెప్పుడు తింటుంది?" అనేది అమ్మ.

"కథల్లో తినరక్కా."

"తినకపోతే కుండ ఎలా మోస్తుంది? ఆ గాడిదకి వచ్చిన నలభై మాటల్లో 'ఆకలి' ఉందా, లేదా?"

ఉందో లేదో తేల్చడానికి గాడిద అన్న మాటలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టారు. ముప్పై ఒకటి తేలాయి. తక్కిన తొమ్మిదీ ఏమై ఉంటాయా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. ఇంట్లో అమ్మ నాన్నతో, "పాపం ఆ చెల్లెలు ఇంకా కన్ను మూయలేదు" అంటే, నాన్న పేపరు దించి, "ఎవరి చెల్లెలు? మనవాళ్ళేనా?" అని కంగారుపడ్డాడు. పైన బాబాయికీ అదే అవస్థ.

సూపర్‌వైజరు ఒకసారి ఫోన్లు కుదరవని చెప్పడానికి మడత గదికి వచ్చాడు. అప్పుడు పిల్ల గాజు సముద్రం మీద చెప్పులు విప్పి నడుస్తోంది, కింద చేపల కళ్ళు ఆమెతోపాటు కదులుతున్నాయి. ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అధ్యాయం అయ్యాక, "సౌండ్ బయటికి రాకుండా చూసుకోండి" అని వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది ఇద్దరూ వేరువేరుగా నాకు చెప్పారు. ఇద్దరూ చెప్పింది దాదాపు ఒకటే.

ఒక గురువారం. బయట వాన. కిటికీల్లో తడిసిన కాళ్ళు పోతున్నాయి. కథలో ఆ పిల్ల గాజు సముద్రం దాటి ఒక ఊరు చేరింది. అక్కడ ఒక ముసలావిడ చివరి గడియల్లో ఉంది. ఊరి వాళ్ళంతా ఉప్పు తవ్వడానికి వెళ్తూ, "ఈవిడ చెయ్యి పట్టుకుని కూర్చో. వదలకు" అని పిల్లకు అప్పగించారు. పిల్ల కూర్చుంది. ఎన్నో వందల ఆమడలు నడిచి వచ్చిన పిల్ల. పక్కన పెట్టిన కుండ మూత కాస్త ఒరిగింది. ఒక్క పింజ బయటకు తేలి ఆమె కనురెప్ప మీద వాలింది. కళ్ళు తెరిచేసరికి ముసలావిడ లేదు, చెయ్యి మాత్రం ఇంకా వెచ్చగా ఉంది. ఊరివాళ్ళు వచ్చి రాళ్ళు తీసుకున్నారు. పిల్ల పరుగెత్తింది, ఊరి బయటకొచ్చి కూలబడింది. అప్పుడు ఇనప గాడిద తనకు వచ్చిన మాటల్లోంచి వెతుక్కుని, "అలసట," అంది. చాలాసేపు ఆగి, "తప్పు కాదు," అంది.

అమ్మా పిన్నీ అప్పుడు ఎదురెదురుగా వచ్చి ఉన్నారు. దుప్పటి కొసలు నాలుగూ రెండు జతల చేతుల్లో ఉన్నాయి. అమ్మ కొసలు ఇవ్వలేదు. పిన్ని తీసుకోలేదు. గ్లాసులో గొంతు ముందుకు సాగిపోతోంది. అమ్మ దుప్పటి వదిలేసి వెళ్ళి ఫోను ఆపింది. బల్ల దగ్గరే, వెనక్కి తిరగకుండా అంది.

"ఆ రోజు వంతు నాది."

బల్ల మీద గ్లాసుని అటూ ఇటూ జరిపింది.

"నువ్వు రెండు షిఫ్టులు చేసి వచ్చావు. కాస్త నడుం వాల్చి వస్తానన్నావు. దాని బూట్లు రేపటికి కావాలి, గంటలో వచ్చేస్తానని నేనే నిన్ను కూర్చోబెట్టాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు."

"తెలుసక్కా. గోడ మీద క్యాలెండర్‌లో ఆ రోజు నీ వంతుకి గుండ్రం చుట్టి ఉంది. అందరూ వచ్చి కూర్చున్నప్పుడు అది నా తల వెనకే ఉంది."

"మరి ఎందుకు చూపించలేదు?"

పిన్ని కింద పడిన దుప్పటి కొసలు ఏరుకుంటూ చెప్పింది. "అనాలనే ఉండేది. మెట్లు దిగేటప్పుడల్లా ఇవాళ అనేద్దామనుకునేదాన్ని. అంటే నువ్వు ఏడుస్తావేమోనని భయం. ఏడవకపోతే ఇంకా భయం."

అమ్మ ఏడ్చిందా అని ఇద్దరినీ అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకు ఇద్దరూ జవాబు చెప్పలేదు.

మా ఇళ్ళల్లో క్షమించమనే మాట ఎవరూ వాడరు. ఆ మాటకు నోరు తిరగదు. అమ్మ కాసేపటికి, "నువ్వు కూర్చో. దిండు గలీబులు నేనొక్కదాన్నే మడుస్తాను, వాటికి ఇద్దరక్కర్లేదు" అంది. "నేను కూర్చుంటే సూపర్‌వైజరు ఊరుకుంటాడా" అని పిన్ని సగం గలీబులు తన ముందుకు లాక్కుంది. ఫోను ఆ పూట మళ్ళీ పెట్టలేదు.

సాయంత్రం అమ్మ నాన్ననూ బాబాయినీ కూర్చోబెట్టింది. మా ఇద్దరు మేనత్తలకు నా చేత ఫోను చేయించి స్పీకరు పెట్టించింది. ఆ రోజు నీళ్ళ సంగతి అడిగింది వాళ్ళలో పెద్దామేనట, నాకు గుర్తులేదు. "అత్తయ్య పోయిన రోజు వంతు నాది. నా తోడికోడలిది కాదు. నేను బజారుకెళ్ళాను. అందరి ముందూ తనను అన్నాను కాబట్టి అందరి ముందూ చెబుతున్నాను" అంది.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఫోనులో పెద్ద మేనత్త, "ఇప్పుడవన్నీ ఎందుకే, అమ్మ ఆయుష్షు అంతే" అంది. బాబాయి మాత్రం లేచి నిలబడ్డాడు. "ఆరేళ్ళు వదినా! ఆరేళ్ళు అది పడుకున్నప్పుడల్లా ఉలిక్కిపడి లేచేది. తెలుసా నీకు?" అన్నాడు. బాబాయి గొంతు అంత పెద్దగా నేనెన్నడూ వినలేదు. అమ్మ తల వంచుకుని విన్నది. పిన్ని మెట్ల మీద నుంచే, "అయిపోయిందిగా. ఇక రండి" అని ఆయన్ని పిలిచింది. ఆయన వెంటనే వెళ్ళలేదు. తర్వాత వెళ్ళాడు. మళ్ళీ మా ఇంట్లో కూర్చుని టీ తాగడానికి బాబాయికి నెల పైనే పట్టింది. ఆ నెలా అమ్మ తొందరపెట్టలేదు, రోజూ ఆయన వాటా టీ పైకి పంపించేది.

పుస్తకం ఇంకో మూడు వారాలు నడిచింది. చివర్లో పిల్ల కుండతో ఇల్లు చేరుతుంది. చెల్లెలు మంచం మీద కళ్ళు మూసుకుని ఉంటుంది. పిల్ల కుండ మూత తీస్తుంది. గదంతా తెల్లగా నిండిపోతుంది. 'ఇద్దరిలో ఎవరు కలగంటున్నారో చెప్పడానికి గాడిద దగ్గర మాట లేదు' అని బొంగురు గొంతు ఆగిపోతుంది.

"ఇద్దరూ నిద్రపోయారు. హాయిగా" అంది అమ్మ.

"లేదక్కా, చెల్లెలు ఎప్పుడో పోయింది. ఈ పిల్లే కల కంటోంది" అంది పిన్ని.

"నీ నోట్లో మంచి మాటే రాదా? అంత దూరం నడిచి వస్తే పోయిందంటావేం?"

"రాసినామె అలా రాస్తే నన్నంటావేం?"

ఫోన్ని అడిగి చెప్పమని సాయంత్రం నా దగ్గరికి పంచాయతీ తెచ్చారు. ఫోనుకు తెలియదన్నాను. మర్నాడు సూపర్‌వైజరునే అడిగారట. ఆయన తలుపు అవతల నిలబడి ఎన్నాళ్ళ నుంచి వింటున్నాడో అప్పుడు బయటపడింది. ఉతికే గదిలో ఇద్దరు మెషీన్ వాళ్ళు కూడా వింటున్నారట. ఆయన గడ్డం గోక్కుని, "నాకైతే ఆ గాడిదే కలగంటోందనిపిస్తుందమ్మా" అన్నాడు. ఆ మాటకు వాళ్ళిద్దరికీ నవ్వాగలేదు. చేతిలో దుప్పటి జారిపోయింది, మళ్ళీ ఉతకడానికి వేయాల్సి వచ్చింది.

తర్వాతి ఏడాది ఆసుపత్రి మడత యంత్రం కొన్నది. నాలుగు కొసలూ అదే పట్టుకుంటుంది, జోడీలు అక్కర్లేదు. పిన్నిని మళ్ళీ కుట్టు గదికి పంపారు. అమ్మకు పై అంతస్తుల్లో వార్డులకు దుప్పట్లు అందించే పని ఇచ్చారు. ఇన్నాళ్ళూ కాళ్ళే చూశాను, ఇప్పుడు మొహాలు చూస్తున్నానంటుంది. మొదట్లో బెరుకుపడింది కానీ అలవాటైపోయింది.

మొన్న నాకు మధ్యాహ్నం సెలవు దొరికి ఆసుపత్రికి వెళ్ళాను. భోజనాల వేళ. వెనక గోడ పక్కన సిమెంటు బెంచీ మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. అమ్మ బత్తాయి వలిచి తొనలు తీస్తోంది. పిన్ని ఒక్కో తొన మీద తెల్లటి పీచు ఓపిగ్గా లాగి పారేసి, ఒకటి తన నోట్లో, ఒకటి అమ్మ చేతిలో పెడుతోంది.

"మీ మరిది నిన్న కళ్ళజోడు మీద కూర్చున్నాడు. పైగా దాన్ని అక్కడ ఎవరు పెట్టారని నన్నడుగుతాడు" అంటోంది పిన్ని.

"ఇంకెవరు, పెట్టుకున్నవాడే" అంది అమ్మ.

నేను వచ్చానని చెప్పడానికి ఒక అడుగు వేసి, వెనక్కి తగ్గి, ఆ బత్తాయి అయ్యేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.